మరమ్మతుకు శంకుస్థాపన ఉండదు

న్యూఢిల్లీ: బడ్జెట్ సమావేశాల చివర పార్లమెంటులో ఏటా ఒక తంతు జరుగుతుంది. మంత్రిత్వ శాఖల పద్దులలో నాలుగైదింటిని చర్చించిన పిమ్మట మిగిలినవాటన్నింటినీ ఒక్కుమ్మడిగా ఆమోదించివేస్తారు. దీనికే గిలటిన్ అని పేరు. లక్షల కోట్ల రూపాయల వ్యయానికి కొద్ది నిమిషాలలో సభామోదం లభిస్తుంది. కొత్త కర్మాగారాలకు, కొత్త రైలుమార్గాలకు, కొత్త వంతెనలకు ఎంత కేటాయించారన్నది మరునాడు పత్రికలలో పతాకశీర్షిక అవుతుంది. ఉన్నవాటిని నిలబెట్టుకొనడానికి ఎంత కేటాయించారన్న సంగతి సభలో అడిగేవారు తక్కువ. పత్రికలలో వ్రాసేవారు అంతకంటె తక్కువ. ఈ ఉపేక్ష ఎంత దూరం వెళ్ళగలదో తెలుసుకొనదలచినవారు భిలాయి వైపు ఒకమారు చూడాలి.

భిలాయి తెలుగువారికి పరాయి ఊరు కాదు. 1955 ఫిబ్రవరి 2వ తేదీన భారత, సోవియట్ ప్రభుత్వాల మధ్య ఒప్పందం కుదిరి, నాటి దుర్గ్ జిల్లా పొలాల నడుమ ఉక్కు కర్మాగార నిర్మాణం ఆరంభమైనప్పుడు మట్టి మోయడానికి, ఇనుము వంచడానికి వెళ్ళినవారిలో నాటి శ్రీకాకుళం, విశాఖపట్నం జిల్లాల కూలీలు అసంఖ్యాకులు. వారి మనుమలు, మనుమరాండ్రు నేడు ఖుర్సీపార్‌లోనూ, టౌన్‌షిప్ సెక్టార్లలోనూ ఉన్నారు. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి బాబూ రాజేంద్రప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేసును ప్రారంభించిన నాటి నుంచి ఆ కర్మాగారం అనేక మెట్లు ఎక్కినది. పది లక్షల టన్నులతో మొదలై 25 లక్షలకు, పిమ్మట 40 లక్షలకు పెరిగినది. ఆధునికీకరణ, విస్తరణ పనులు పూర్తయిన కర్మాగారాన్ని 2018 జూన్ 14న ప్రధానమంత్రి జాతికి అంకితం గావించారు. ప్రతి మెట్టు వద్దా ఒక ఉత్సవం జరిగినది. ప్రతి ఉత్సవం వద్దా ఒక శిలాఫలకం వెలసినది.

ఈ దేశపు రవాణా భారాన్ని భిలాయి ఏ మేరకు మోస్తున్నదో చెప్పడానికి రెండు నిదర్శనాలు చాలును. భారతీయ రైల్వేలకు పట్టాలు సమకూర్చడంలో అగ్రస్థానం దానిదే. అక్కడి కొత్త మిల్లులో 130 మీటర్ల పొడవు గల పట్టా ఏకఖండంగా తయారవుతుంది. అటువంటివి రెండు అతికి 260 మీటర్ల పట్టాగా పంపుతారు. అతుకు తగ్గినకొద్దీ విరిగే చోట్లు తగ్గుతాయి. ప్రయాణికుని ప్రాణానికి భరోసా పెరుగుతుంది. ఇక రెండవది, 2025 జూన్ 6న జమ్మూకాశ్మీరులో ప్రారంభమైన చీనాబ్ రైలు వంతెన. నదీగర్భానికి 359 మీటర్ల ఎత్తున, తీవ్ర భూకంప మండలంలో నిలిచిన ఆ వంతెనకు ఉక్కు ప్రాధికార సంస్థ సుమారు 16 వేల టన్నుల ఉక్కు ఇచ్చినది. అందులో అధిక భాగం భిలాయి కొలుములలో కరిగినదే. హిమాలయాలలో భూమి కంపించినా నిలవగల కమానుకు ఉక్కు అందించిన ఊరు తన ఇంటి గోడల మాటేమిటి? తన నీటి గొట్టాల మాటేమిటి? తనను పోషించే రైలుదారి మాటేమిటి? దీపం కింద చీకటి అన్న సామెత ఊరికే పుట్టలేదు.

నీటి గొట్టం చెప్పిన పాఠం

ఉక్కు అనగానే జనానికి నిప్పు గుర్తుకు వస్తుంది. ఇంజనీరుకు ముందుగా గుర్తుకు వచ్చేది నీరు. కొలిమి గోడలను చల్లబరిచేది నీరు. కొలిమి నుంచి వెలువడే వాయువును కడిగి శుద్ధి చేసేది నీరు. ఆ వాయువులో రంగూ, వాసనా లేని కార్బన్ మోనాక్సైడ్ అనే విషం పుష్కలంగా ఉంటుంది. దాన్ని హద్దులో నిలిపి ఉంచేది కూడా ఒక దశలో నీటి ఒత్తిడే. ఆ ఒత్తిడి పడిపోతే ఏమవుతుందో 2014 జూన్ 12న భిలాయి చూసినది. ఒక పంప్‌హౌస్‌లో ఏర్పడిన లోపం వల్ల గొట్టాలలో నీటి ఒత్తిడి తగ్గగా, ముందుకు పోవలసిన నీటి దారిలోనే విషవాయువు వెనక్కు మళ్ళి పంప్‌హౌస్‌ను కమ్మివేసినది. ఇద్దరు ఉన్నతాధికారులతో సహా ఆరుగురు ప్రాణాలు కోల్పోయారు. పదుల సంఖ్యలో అస్వస్థులయ్యారు. అక్కడ కొలిమి పేలలేదు, ఉక్కు పొంగిపొరలలేదు. చెడినది నీటి వ్యవస్థ. అటుపిమ్మట నాలుగేండ్లకు, 2018 అక్టోబరు 9న, కోక్ ఓవెన్ల వాయు గొట్టం మీద మరమ్మతు సాగుతుండగానే మంటలు లేచి పది మందికి పైగా అసువులు బాశారు. కర్మాగారాన్ని ప్రధానమంత్రి జాతికి అంకితం చేసి నాటికి నాలుగు మాసాలైనా నిండలేదు.

ఆ నీరు వచ్చే దారిని కూడా పరిశీలించవలసి ఉన్నది. బ్రిటిషు పాలనలో, 1921 నాటికి పూర్తయిన తాందులా జలాశయం ఒక ఆధారం. ఉక్కు కర్మాగారం కోసమే 1950లలో కట్టిన గోండ్లీ జలాశయం మరొకటి. 1970ల చివర మహానదిపై వెలసిన రవిశంకర్ సాగర్, అనగా జనవ్యవహారంలోని గంగ్రేల్ ఆనకట్ట, ఇంకొకటి. ఈ నీటి మీద కర్మాగారానికే గాక ఆ ప్రాంతపు వరి రైతుకు, పట్టణవాసికి కూడా హక్కు ఉన్నది. వర్షాభావం ఏర్పడిన ఏట ఈ ముగ్గురిలో ఎవరి వంతు ముందు అన్న తగవు తప్పదు. కాని తగవులన్నింటికీ మూలాధారమైన గట్టు పటిష్ఠంగా ఉన్నదా లేదా అన్న ప్రశ్న మాత్రం గట్టుమీదికి రాదు. ఆ గట్లలో ఒకటి నూరేళ్ళు దాటినది.

పాఠకులకు గుర్తుండే ఉంటుంది, 2021 నవంబరు 19న కడప జిల్లాలో చెయ్యేటి వరదకు అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట తెగి, దిగువ గ్రామాలు తుడిచిపెట్టుకొని పోయినవి. ఆ దుర్ఘటన జరిగిన రెండు వారాలలోనే, డిసెంబరు 2న, రాజ్యసభ ఆనకట్టల భద్రతా బిల్లును ఆమోదించినది. లోక్‌సభ దానిని 2019 ఆగస్టులోనే ఆమోదించి పంపినది. నడుమ రెండేళ్ళకు పైగా బిల్లు ఆ సభలో నిద్రించినది. చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకొనడమంటే ఇదే. ఆ చట్టం 2021 డిసెంబరు 30 నుంచి అమలులోకి వచ్చినది. దాని పరిధిలోకి వచ్చే ప్రతి ఆనకట్టకు అయిదేళ్ళలోగా స్వతంత్ర నిపుణుల చేత సమగ్ర పరీక్ష జరిపించాలని అందులో ఉన్నది. ఆ లెక్కన 2026 డిసెంబరు చివరకు గడువు. తాందులా, గోండ్లీ, గంగ్రేల్ పరీక్షా నివేదికలు జనం కంటికి కనబడేటట్లు వెలువడాలి. చట్టం చేసిన ఘనత ప్రభుత్వానిది కాగా, దాని అమలును నిలదీసి అడగవలసిన బాధ్యత పార్లమెంటు సభ్యులది. ఆ రాష్ట్రంలోనే బలరాంపూర్ జిల్లాలో 2025 సెప్టెంబరులో ఒక చిన్న జలాశయపు గట్టు తెగి మనుషులు కొట్టుకొనిపోయిన సంగతిని వారు మరువరాదు.

భూమి మీద నమ్మకం

మూడవ అంశం భూకంపం. ఛత్తీస్‌గఢ్ భూకంపాల రాష్ట్రం కాదు గదా అని కొందరు నవ్వవచ్చు. నిజమే. భారత ప్రమాణాల సంస్థ 2002లో రూపొందించిన పటంలో ఆ ప్రాంతంలో అత్యధిక భాగం రెండవ మండలంలో, అనగా దేశంలోకెల్లా తక్కువ ప్రమాదం గల మండలంలో ఉన్నది. కాని తక్కువ ప్రమాదం అంటే ప్రమాదం లేదని అర్థం కాదు. ఈ పటాల చరిత్ర తెలిసినవారికి ఈ సంగతి వేరే చెప్పనక్కరలేదు. 1967 డిసెంబరులో మహారాష్ట్రలోని కోయనా ప్రాంతం కంపించినప్పుడు, ద్వీపకల్పం కదలదన్న నమ్మకం బీటలు వారినది. పటాన్ని తిరగవ్రాయవలసి వచ్చినది. 1993 సెప్టెంబరు 30 తెల్లవారుజామున లాతూరు జిల్లా కిల్లారీలో దాదాపు పదివేల మంది సమాధి అయినప్పుడు, ఆ ఊరు నాటి పటంలో మొదటి మండలంలో, అంటే అత్యంత సురక్షితమన్న చోట ఉన్నది. 1997 మే 22న జబల్‌పూర్ కంపించి సుమారు నలభై మంది మరణించారు. జబల్‌పూర్ భిలాయికి ఆకాశమార్గాన 260 కిలోమీటర్ల దూరం. ఇటు మనవైపు 1969లో భద్రాచలం, 2024 డిసెంబరు 4న ములుగు ప్రాంతం కంపించిన సంగతి తెలుగు పాఠకులు ఎరుగుదురు. గోదావరి లోయ కదిలితే ఆ కదలిక బస్తరు దాకా తెలుస్తుంది.

ఇందులో గమనించవలసిన తేదీ ఒకటున్నది. భూకంపాలను తట్టుకొనేటట్లు కట్టడాలను రూపొందించే విధానంపై మన దేశంలో మొదటి ప్రమాణపత్రం వెలువడినది 1962లో. ఇటుక గోడల ఇళ్ళలో కిటికీల పైనుంచి ఇంటి చుట్టూ కాంక్రీటు పట్టీ వేయాలి, మూలలు కడ్డీలతో బిగించాలి అన్న నిర్మాణ నియమావళి 1967లో వచ్చినది. భిలాయి మొదటి కొలిమి వెలిగినది 1959లో. అంటే కర్మాగారంలోని తొలి కట్టడాలు, టౌన్‌షిప్‌లోని తొలి సెక్టార్ల క్వార్టర్లు ఈ నియమాలు పుట్టకముందే పుట్టినవి. అవి నాసిరకమైనవని చెప్పడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. సోవియట్ నిపుణులు, మన ఇంజనీర్లు తమ కాలపు విజ్ఞానం మేరకు శ్రద్ధగానే కట్టారు. అరవై ఏళ్ళకు పైగా అవి నిలవడమే అందుకు సాక్ష్యం. కాని నాటి విజ్ఞానం వేరు, నేటి విజ్ఞానం వేరు. పైగా అరవై వర్షాకాలాల తేమ, చెమ్మ పట్టిన స్లాబులో తుప్పెక్కిన కడ్డీ, అడ్డగోలుగా కలిపిన అదనపు గది — వీటి భారం ఏ మూలచిత్రంలోనూ ఉండదు.

ఇంటికన్నా ఆలోచించవలసినవి ఎత్తయిన నీటి ట్యాంకులు, చిమ్నీలు, వాయు గొట్టాలను మోసే స్తంభాలు. 2001 జనవరి 26న గుజరాత్ భూకంపంలో ఎత్తున నిలిచిన నీటి ట్యాంకులు అనేకం దెబ్బతిన్నవి. సన్నని మెడ మీద పెద్ద బరువు నిలిపినప్పుడు కింది నుంచి వచ్చిన ఊపును ముందుగా భరించేది ఆ మెడయే. ఉక్కు పట్టణంలో నీటి ట్యాంకు పోయినదంటే దాహంతో ఆగదు. ఒక పంప్‌హౌస్ లోపానికే, భూమి ఇసుమంతైనా కదలని రోజున, ఆరుగురు బలి అయిన చోట, ఓ మోస్తరు కంపనానికి నాలుగు గొట్టాలు ఒకేసారి ఊడితే పర్యవసానమేమిటి? నిప్పు ఆర్పడానికి కావలసిన నీరే లేకపోతే అగ్నిమాపక దళం వచ్చి ఏమి చేయగలదు? రైలుదారి కూడా దెబ్బతింటే సహాయం ఏ దారిన వస్తుంది? భిలాయి వంటి చోట నీరు, రవాణా, భూకంప భద్రత మూడు వేర్వేరు విషయాలు కావు. ఒకటి జారితే మిగిలిన రెండింటినీ లాగివేసే గొలుసు అది.

పట్టాల సంగతి

భిలాయి ఇనుప ఖనిజానికి దల్లీ-రాజ్‌హరా గనులే తొలి నుంచి ఆధారం. అవి తరిగిపోతున్నందున రావ్‌ఘాట్ వైపు 95 కిలోమీటర్ల రైలుమార్గం తలపెట్టారు. అడవుల మధ్య, అశాంతి నడుమ, గిరిజనుల అభ్యంతరాల మధ్య అది ఏళ్ళూ పూళ్ళూ సాగినది. 2022లో అంతాగఢ్‌కు, 2023లో తాడోకీకి రైలు చేరడమే పెద్ద వార్త అయినది. ఇక కోకింగ్ బొగ్గు సముద్రం మీదుగా విశాఖ తీరాన దిగి, విజయనగరం, పార్వతీపురం, రాయగడ మీదుగా తూర్పు కనుమలు దాటి ఛత్తీస్‌గఢ్ చేరుతుంది. ఈ మార్గం 1931 నాటికి పూర్తయినది. 2024 సెప్టెంబరులో విశాఖ, దుర్గ్‌ల మధ్య వందేభారత్ రైలు వేసినది కూడా ఈ దారినే. 2017 జనవరి 21 రాత్రి విజయనగరం జిల్లా కూనేరు వద్ద హీరాఖండ్ ఎక్స్‌ప్రెస్ పట్టాలు తప్పి దాదాపు నలభై మంది మరణించినది కూడా ఈ దారిలోనే. వేగమైన రైలుకు పచ్చజెండా ఊపినంత ఆర్భాటంగా ఆ దారిలోని వంతెనల, కోతల, కట్టల తనిఖీ నివేదికను ఎవరైనా ఆవిష్కరించగా చూశామా?

మంచి పట్టా వేసినంత మాత్రాన పని తీరదు. 1998 నవంబరులో పంజాబులోని ఖన్నా వద్ద ఒక పట్టా విరిగిన ఫలితంగా రెండు రైళ్ళు ఢీకొని రెండు వందల మందికి పైగా మరణించారు. పట్టాలో లోపాన్ని ముందుగా కనిపెట్టేది తనిఖీ. దానిని మార్చేది నిధి. 2022 డిసెంబరులో పార్లమెంటుకు సమర్పించిన కాగ్ నివేదిక ఈ రెండింటి సంగతీ బయటపెట్టినది. పట్టాల స్థితిని నమోదు చేసే వాహనాలతో జరపవలసిన తనిఖీలలో 30 నుంచి 100 శాతం దాకా లోటు ఉన్నదని అందులో తేలినది. పట్టాల మార్పిడిపై వ్యయం 2018-19లోని 9,607 కోట్ల రూపాయల నుంచి మరుసటి ఏడాది 7,417 కోట్లకు దిగినదని కూడా అది పేర్కొన్నది. తరువాతి సంవత్సరాలలో ఈ వ్యయం గణనీయంగా పెంచామని రైల్వేవారు చెబుతున్నారు. అందుకు సంతోషించవలసినదే. కాని రైల్వే బడ్జెట్టును 2017లో సాధారణ బడ్జెట్టులో కలిపివేసిన దరిమిలా, ఈ అంకెలను సభ విడిగా, తాపీగా చర్చించే అవకాశం సన్నగిల్లినదన్న మాట కూడా వాస్తవమే.

జవాబుదారీ ఎవరిది?

ఈ గొలుసుకు ఎవరు బాధ్యులని ఒక సభ్యుడు ప్రశ్నోత్తరాల సమయంలో అడిగెననుకొందాము. ఉక్కు మంత్రిని అడిగితే జలాశయాలు రాష్ట్రానివి అంటారు. రాష్ట్రాన్ని అడిగితే కర్మాగారం కేంద్రానిది అంటుంది. రైలుమార్గం రైల్వే శాఖది. కర్మాగారంలో కార్మిక భద్రతా తనిఖీ రాష్ట్ర ఫ్యాక్టరీల శాఖది. పట్టాలకు దక్షిణాన ఉన్న టౌన్‌షిప్ నేల సంస్థది. ఉత్తరాన సుపేలా, పవర్‌హౌస్ బస్తీలు నగరపాలక సంస్థవి. 2000 తొలి సంవత్సరాలలో దీర్ఘకాలిక లీజు కింద ఉద్యోగులకు ఇచ్చివేసిన క్వార్టర్లు ఎటూ చెందని త్రిశంకు స్వర్గంలో ఉన్నవి: గోడ ఉద్యోగిది, నేల సంస్థది, పగులు మాత్రం ఎవరిదీ కాదు. ఇందరు యజమానులున్న ఇంటికి కాపలా ఎవరు? పదిమంది పాలించిన పశువు పస్తుతో పడుకొన్నట్లు ఉన్నది భిలాయి భద్రత.

దీనికి ప్రభుత్వపక్షం చెప్పగల సమాధానం తేలికగా కొట్టివేయదగినది కాదు. హిమాలయ రాష్ట్రాలలో, ఈశాన్యంలో ముప్పు ఎన్నో రెట్లు ఎక్కువ; పరిమితమైన నిధులను ముందు అక్కడ ఖర్చు చేయాలి గాని ఏనాడూ పెద్దగా కదలని నేల మీద ఎందుకు అనవచ్చు. ఆ వాదంలో న్యాయం ఉన్నది. అయితే ఇక్కడ కోరుతున్నది ఊరంతా పడగొట్టి కట్టమని కాదు. ముందుగా చూడమని. ఏ కట్టడం ఏ స్థితిలో ఉన్నదో తెలుసుకొనడానికయ్యే ఖర్చు, కొత్త మిల్లుకయ్యే ఖర్చుతో పోల్చితే సముద్రంలో కాకిరెట్ట. తెలిసిన తరువాత ఏది ముందు, ఏది వెనుక అన్నది నిర్ణయించుకొనవచ్చు. తెలుసుకొనకుండానే సురక్షితమని భావించడం పొదుపు కాదు, జూదం. మండలం తక్కువ ప్రమాదానిదైనా, ఆ మండలంలో విషవాయువు, కరిగిన ఇనుము, లక్షల జనం ఒకే చోట ఉన్నప్పుడు ముప్పు లెక్క మారిపోతుంది.

ఇది భిలాయికి పరిమితమైన సమస్య కాదు. విశాఖ ఉక్కు కర్మాగారానికి నీరు ఏలేరు కాలువ మీద 150 కిలోమీటర్లకు పైగా నడిచి వస్తుంది. 2012 జూన్‌లో అక్కడి ఆక్సిజన్ విభాగంలో పేలుడు సంభవించి పందొమ్మిది మంది చనిపోయిన సంగతిని ఆంధ్రులు మరువలేరు. ఆ కర్మాగారం ఎవరి చేతిలో ఉండాలన్న వివాదంలో అందరూ గొంతెత్తారు. 2025 జనవరిలో కేంద్రం 11,440 కోట్ల రూపాయల సహాయం ప్రకటించినప్పుడు అన్ని పక్షాలూ స్పందించినవి. కాలువ గట్టు, గొట్టాల వయస్సు, పాత కట్టడాల పటుత్వం గురించి మాట్లాడినవారు ఎందరు? యాజమాన్యం ప్రభుత్వానిదైనా, ప్రైవేటుదైనా తుప్పుకు పక్షపాతం ఉండదు.

చేయవలసినవి అసాధ్యాలేమీ కావు. 1962కు ముందు, ఆ తరువాత తొలి దశాబ్దంలో కట్టిన కట్టడాలన్నింటికీ, ఎత్తయిన ట్యాంకులతో, పంప్‌హౌస్‌లతో సహా, స్వతంత్ర ఇంజనీర్ల చేత పరీక్ష జరిపించి ఫలితాలను వెల్లడించాలి. భిలాయి ముంగిట ఐఐటీ ఉన్నది. అక్కడి ఆచార్యులను, విద్యార్థులను ఈ పనిలో నియోగించవచ్చు. జలాశయాల భద్రతా నివేదికలను చట్టం విధించిన గడువులోగా రప్పించి సభ ముందుంచాలి. రాష్ట్రం, రైల్వేలు, ఉక్కు సంస్థ, నగరపాలక సంస్థ కలిసి కూర్చునే ఒకే భద్రతా సంఘాన్ని ఏర్పరచి, దానికి ఒకే బాధ్యుని నియమించాలి. ఉక్కు సంస్థ వార్షిక నివేదికలో ఉత్పత్తి అంకెల పక్కనే, ఆ ఏడు ఎంత మరమ్మతు జరగవలసి ఉండగా ఎంత జరిగినదో చెప్పే పట్టిక ఉండాలి. 1964 నుంచి పనిచేస్తున్న పార్లమెంటరీ ప్రభుత్వరంగ సంస్థల సంఘం ఆ పట్టికను ముందు పెట్టుకొని ఉక్కు సంస్థ అధిపతులను ప్రశ్నించాలి. లాభనష్టాలను ఆరా తీసినంత శ్రద్ధతో పగుళ్ళను ఆరా తీసిననాడు ఆ సంఘం తన పేరు సార్థకం చేసుకొనగలదు.

మరమ్మతుకు శంకుస్థాపన ఉండదు. పగులు పూడ్చిన మేస్త్రీ పేరు ఏ ఫలకం మీదా చెక్కరు. తెగని గట్టు, విరగని పట్టా, కూలని గోడ వార్తలు కావు గనుక వాటికి ఓట్లు రాలవని రాజకీయ నాయకుల లెక్క. ఆ లెక్క మార్చగలవాడు ఓటరు ఒక్కడే. ఈసారి ఓటు అడగడానికి వచ్చినవారిని, ఏమి కట్టారో చెప్పమని అడిగిన పిదప, కట్టినదానిని ఎంతమాత్రం కాపాడారో కూడా చెప్పమని అడగాలి. భిలాయిలోని తెలుగువాడు అడిగినా, గాజువాకలోని కార్మికుడు అడిగినా, చెయ్యేటి ఒడ్డున ఇల్లు పోగొట్టుకొన్న రైతు అడిగినా ప్రశ్న ఒక్కటే. జవాబు చెప్పవలసిన చోటు కూడా ఒక్కటే: అది పార్లమెంటు.